టార్చ్ పట్టుకున్న అమ్మాయి: పిల్లల మ్యూజియంలో నేను తీసిన వీడియో కథ

 

ఈ ఎపిసోడ్ అసలు ఇలా ఉండాల్సింది కాదు. నేను అనుకున్నది ఒక ట్రావెల్ వీడియో. అమెరికాలో శాన్ హోసే అనే ఊళ్ళో ఒక పిల్లల మ్యూజియం ఉంది, అది చూపిద్దాం, ఆడుకుంటూ చేతులతో నేర్చుకోవడం గురించి నాలుగు మంచి మాటలు చెబుదాం అనుకున్నాను. రెండు గంటలకి పైగా ఫుటేజ్ ఉంది. హైదరాబాద్ వచ్చాక ఎడిటింగ్‌కి కూర్చున్నాను. సగంలో ఆపేశాను. ఎందుకు ఆపేశానో చెప్పడానికే ఈ వీడియో.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి నా గురించి రెండు ముక్కలు. బీటెక్ చదివాను, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను, మానేసి ఈ వీడియోలు చేసుకుంటున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆన్‌సైట్, ఆన్‌సైట్ అని ఊరించారు గానీ పంపలేదు. చివరికి ఉద్యోగం మానేశాక విజిటర్ వీసా మీద మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. అక్కకి ఇద్దరు పిల్లలు. పాపకి ఏడేళ్ళు, బాబుకి ఐదేళ్ళు. ఇంట్లో పిలుచుకునే పేర్లే చెప్తాను: అమ్ములు, పండు.

ఒక శనివారం అక్క, "ఒరేయ్, వీళ్ళిద్దరినీ మ్యూజియంకి తీసుకెళ్ళరా, మీ బావా నేనూ కాసేపు ఊపిరి పీల్చుకుంటాం" అంది. బావ మమ్మల్ని కారులో దింపేసి వెళ్ళాడు. మ్యూజియం అంటే నా మనసులో ఉన్న బొమ్మ వేరు. అద్దాల పెట్టెలు, లోపల కత్తులు, నాణేలు, బయట "తాకరాదు" అని బోర్డు, మూల కుర్చీలో ఒక సెక్యూరిటీ ఆయన. చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో చూసిన మ్యూజియం అంతా చేతులు వెనక్కి కట్టుకునే తిరిగాం.

ఇది వేరే లోకం. ముందు ఆ బిల్డింగే వంకాయ రంగులో ఉంటుంది. నేను అతిశయోక్తి చెప్పట్లేదు, నిజంగానే ఊదా రంగు. రికార్డో లెగొరెటా అనే మెక్సికో ఆర్కిటెక్ట్ డిజైన్ చేశాడు. 1990లో తెరిచారు. పేరు చిల్డ్రన్స్ డిస్కవరీ మ్యూజియం. అది ఉన్న వీధి పేరు 'వాజ్ వే'. ఆపిల్ కంపెనీని స్టీవ్ జాబ్స్‌తో కలిసి మొదలుపెట్టిన స్టీవ్ వాజ్నియాక్ ఉన్నాడు కదా, ఆయన పేరే. ఈ మ్యూజియం కట్టడానికి పెద్ద మొత్తంలో డబ్బు ఇచ్చినవాళ్ళలో ఆయన ఒకడు. ఆపిల్‌లో పని తగ్గించుకున్నాక ఆయన కొన్నేళ్ళు స్కూలు పిల్లలకి కంప్యూటర్లు నేర్పాడు కూడా. ఇంజినీర్‌గా ఆ విషయం నాకు భలే నచ్చింది.

లోపల నిజం ఫైరింజన్ ఉంది. పిల్లలు ఎక్కి స్టీరింగ్ తిప్పొచ్చు. సబ్బు బుడగల దగ్గర పెద్ద పెద్ద చట్రాలు ముంచి తీస్తుంటారు. ఒక మామత్ ఉంది, అంటే పూర్వకాలం ఏనుగు. 2005లో ఆ ఊళ్ళోనే గ్వాడలూపె నది పక్కన ఒకాయన కుక్కని తిప్పుతుంటే ఎముకలు కనపడ్డాయి. తవ్వి చూస్తే పిల్ల మామత్. దానికి 'లూపే' అని పేరు పెట్టారు. అంటే ఆ పిల్లలు చూసే ఏనుగు ఎక్కడిదో కాదు, వాళ్ళ ఊరి ఏటి గట్టున దొరికినదే.

కానీ మావాళ్ళిద్దరూ ఎక్కువసేపు ఉన్నది నీళ్ళ దగ్గర. అక్కడ ఒక గోడ ఉంటుంది. పైనుంచి నీళ్ళు జారుతుంటాయి. సగానికి కోసిన గొట్టాల ముక్కలకి వెనకాల అయస్కాంతం ఉంటుంది. మనకి నచ్చినచోట గోడకి అంటించి, నీళ్ళని ఇటు అటు తిప్పుకోవచ్చు. అంతే ఆట. స్కోర్ లేదు, లెవెల్స్ లేవు, టైమర్ లేదు.

అమ్ములు మొదటి గొట్టం పెట్టింది. వాలు రెండో వైపుకి అయిపోయింది. నీళ్ళు తన మీదే పడ్డాయి. నవ్వింది, తిప్పింది. ఇప్పుడు నీళ్ళు కుడివైపుకి వెళ్తున్నాయి. దాని చివర కింద రెండో గొట్టం పెట్టింది. నీళ్ళు దాన్ని దాటి అవతల పడ్డాయి. మళ్ళీ పెట్టింది, మళ్ళీ దాటాయి. అప్పుడు ఒక పని చేసింది. రెండో గొట్టాన్ని కొంచెం దూరం జరిపింది, నీళ్ళు పడుతున్న చోటుకి. పట్టింది! తర్వాత మొదటి గొట్టాన్ని తక్కువ వాలుగా మార్చింది. ఈసారి నీళ్ళు దగ్గర్లోనే పడ్డాయి. మళ్ళీ రెండోదాన్ని దగ్గరికి జరిపింది. దాదాపు ఇరవై నిమిషాలు ఇదే. ఇదంతా నా కెమెరాలో ఉంది. కానీ అక్కడ నిలబడి ఉన్నప్పుడు నేను ఇదేదీ చూడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

అసలు పిల్లల్ని ఇలా ముట్టుకోనివ్వాలి అనే ఆలోచన ఎవరిది? కొంచెం చరిత్ర చూద్దాం. ప్రపంచంలో మొదటి పిల్లల మ్యూజియం 1899లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తెరిచారు. 1902లో అక్కడ చేరిన ఆనా బిల్లింగ్స్ గాలప్ అనే ఆవిడ, ఇక్కడి వస్తువులు పిల్లల కోసం, వాళ్ళు చేత్తో పట్టుకుని చూడాలి అని పట్టుబట్టి దశాబ్దాలు నడిపించింది. తర్వాత బోస్టన్ పిల్లల మ్యూజియంకి 1962లో మైకేల్ స్పాక్ అని కొత్త డైరెక్టర్ వచ్చాడు. పిల్లల పెంపకం మీద ప్రపంచమంతా చదివిన పుస్తకం రాసిన డాక్టర్ స్పాక్ కొడుకు. ఈయనకి డిస్లెక్సియా, చిన్నప్పుడు చదవడం చాలా కష్టమయ్యేది. అలాంటివాడు చేసిన మొదటి పనుల్లో ఒకటి, రోజూ వాడే వస్తువుల్ని కోసి 'లోపల ఏముంది' అని పిల్లలకి చూపించడం. అద్దాల పెట్టెల్ని పక్కకి నెట్టేశాడు.

మూడో మనిషి మీకు తెలిసిన ఇంటిపేరే. ఓపెన్‌హైమర్ సినిమా చూశారు కదా? అందులో తమ్ముడు ఉంటాడు, ఫ్రాంక్. ఆయనా ఫిజిసిస్టే. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నాడని 1949లో యూనివర్సిటీ ఉద్యోగం పోయింది. కొలరాడోలో పశువులు పెంచుకుని బతికాడు. తర్వాత అక్కడే ఒక చిన్న ఊళ్ళో హైస్కూల్ టీచర్ అయ్యాడు. పిల్లల్ని పాత సామాన్ల గుట్టల దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడ దొరికిన మోటార్లు, స్విచ్‌లతోనే ఫిజిక్స్ చెప్పేవాడు. ఆ మనిషి 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం మొదలుపెట్టాడు. అది పిల్లలకి మాత్రమే కాదు, పెద్దలకి కూడా. మ్యూజియంలో ఫెయిలయ్యేవాళ్ళు ఎవరూ ఉండరు అనేది ఆయన నమ్మకం.

ఇది చదివినప్పుడు నాకు నా బీటెక్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ ల్యాబ్ గుర్తొచ్చింది. లోలకం ఊపి 'జీ' విలువ కనుక్కోవాలి. మేం ఏం చేసేవాళ్ళమో చెప్తాను, మీలో చాలామంది నవ్వుకుంటారు. జీ విలువ 9.8 అని తెలుసు కదా? అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగ్స్ రాసేవాళ్ళం. అనుమానం రాకుండా అక్కడక్కడా పాయింట్ రెండు, పాయింట్ మూడు తేడా వేసేవాళ్ళం. లోలకం మాత్రం స్టాండ్‌కి వేలాడుతూ ఉండేది, ఎవరూ ఊపేవాళ్ళు కాదు. రికార్డుకి ఫుల్ మార్కులు. నేను దాన్ని తప్పుగా కూడా అనుకోలేదు, తెలివి అనుకున్నాను. ఏడేళ్ళ అమ్ములు ఆ గోడ దగ్గర ఇరవై నిమిషాల్లో తీసిన రీడింగ్స్ నేను నాలుగేళ్ళలో తీయలేదు.

సరే, ఇక్కడిదాకా రాసుకున్న స్క్రిప్ట్ బాగానే ఉంది. మన చదువులు ఇలా, వాళ్ళ మ్యూజియం అలా అని ముగించేసి లైక్ కొట్టండి అనొచ్చు. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఎడిటింగ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా గొంతు నేనే వింటున్నాను. పండు ఫైరింజన్ ఎక్కాడు. నేను అంటున్నాను, "పండూ, ఆ పైపులోంచి నీళ్ళు అంత గట్టిగా ఎందుకొస్తాయో తెలుసా? లోపల పంపు ఉంటుంది..." పండు బుడగ ఊదాడు. "బుడగ గుండ్రంగానే ఎందుకుంటుందో చూడు నాన్నా..." నీళ్ళ గోడ దగ్గర పండు ఒక గొట్టం అంటించాడు. "చూశావా, దీని వెనక మాగ్నెట్ ఉంది, అందుకే పడిపోవట్లేదు."

అదే గోడ, రెండడుగుల దూరంలో అమ్ములు. ఇందాక చెప్పాను కదా, అంత పని చేస్తోంది. నేను తనతో ఏమన్నాను? "అమ్ములూ, డ్రెస్ తడిసిపోతుంది." "అమ్ములూ, తమ్ముడిని చూసుకో." "అమ్ములూ, తమ్ముడికి కూడా ఒక గొట్టం ఇవ్వమ్మా."

మొదట్లో పట్టించుకోలేదు. మూడోసారి వినేసరికి ఏదోలా అనిపించింది. ఫుటేజ్ మొదటికి వెళ్ళి కాగితం మీద రెండు గడులు గీసి లెక్కపెట్టాను. ఏదైనా 'ఎందుకు' అని వివరించింది పండుకి పదకొండు సార్లు. అమ్ములుకి రెండు సార్లు. 'తమ్ముడిని చూసుకో' అన్నది ఆరు సార్లు. ఆ పిల్ల పెద్దది. వివరిస్తే ముందు అర్థమయ్యేది తనకి. ఐదేళ్ళవాడు నా మాట సగం కూడా వినట్లేదు, వీడియోలో స్పష్టంగా తెలుస్తోంది.

నేను అలాంటివాడిని కాదు అనుకునేవాడిని. ఆడపిల్లల చదువు గురించి ఇదే ఛానల్లో ఎపిసోడ్ చేసినవాడిని. అందుకే ఆపేశాను.

తర్వాత ఈ విషయం మీద ఎవరైనా పరిశోధన చేశారా అని వెతికితే దొరికింది. 2001లో కెవిన్ క్రౌలీ, మౌరీన్ కాలనన్, ఇంకొందరు కలిసి ఒక పేపర్ ప్రచురించారు. ఒక మ్యూజియంలో తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఆడుకుంటుంటే వీడియో తీసి, మాటలు పరిశీలించారు. సైన్స్ ప్రదర్శనల దగ్గర తల్లిదండ్రులు వివరించి చెప్పడం ఆడపిల్లలకంటే మగపిల్లలకి మూడు రెట్లు ఎక్కువ. ఇది ఎలా తిప్పాలి, ఎక్కడ నొక్కాలి, ఏం జరిగిందో చూడు లాంటి మాటలు ఇద్దరికీ సమానంగానే చెప్పారు. 'ఎందుకు' అనేది మాత్రం ఎక్కువగా అబ్బాయిలకే వెళ్ళింది. కావాలని చేసింది కాదు, వాళ్ళకి తెలియకుండానే జరిగి ఉంటుంది అని కూడా రాశారు. ఆ పరిశోధన జరిగిన చోటు ఏదో తెలుసా? శాన్ హోసే పిల్లల మ్యూజియం. నేను నిలబడిన ఆ ఊదా రంగు బిల్డింగే.

అక్కకి ఫోన్ చేశాను. ఆ రెండు క్లిప్పులు పంపించి, చూడు అన్నాను. తను తిడుతుందేమో అనుకున్నాను. చూసి నవ్వింది. "నాన్న కూడా అంతే కదరా" అంది.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్. కానీ ఇంట్లో ఏది పాడైనా తనే విప్పేవాడు. రేడియో, మిక్సీ, టేబుల్ ఫ్యాన్. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, "ఇదిగో, దీన్ని కెపాసిటర్ అంటారు, ఇది పోతే ఫ్యాన్ తిరగదు" అని చెప్పేవాడు. నేను ఇంజినీర్ అవడానికి కారణం ఏంటి అని ఎవరు అడిగినా ఈ కథే చెప్తాను. మీకు కూడా ఒకటి రెండుసార్లు చెప్పి ఉంటాను.

అక్క అంది, "ఆ కథలో నేనెక్కడున్నానో గుర్తుందా? టార్చ్ పట్టుకుని నిలబడేదాన్ని. చెయ్యి కదిపితే, సరిగ్గా పట్టుకోవే అనేవాడు. లోపల ఏముందో నాక్కూడా చూడాలని ఉండేది. కానీ వెలుగు మీవైపు ఉండాలి కదా, నాకు మీ ఇద్దరి తలలే కనపడేవి."

ఇన్నేళ్ళలో ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో. ఒక్కసారి కూడా టార్చ్ ఎవరి చేతిలో ఉందో చెప్పలేదు. నాకు గుర్తు కూడా లేదు. నాన్నకి అక్క అంటే ప్రాణం, అప్పు చేసి చదివించాడు. ప్రేమ తక్కువై జరిగింది కాదు ఇది. అందుకే పట్టుకోవడం కష్టం.

ఇప్పుడు మీలో కొందరికి ఒక డౌట్ వస్తుంది. పిల్లల్ని వాళ్ళంతట వాళ్ళని వదిలేస్తేనే నేర్చుకుంటారు అంటారు కదా, మరి వివరించకపోవడమే మంచిదేమో, అమ్ములుకే లాభమేమో అని. మంచి ప్రశ్న. దీని మీద కూడా ఒక పరిశోధన ఉంది. 2011లో ఎలిజబెత్ బోనవిట్జ్, లారా షుల్జ్, ఇంకొందరు ప్రచురించారు. ఒక బొమ్మ తయారుచేశారు. దాంట్లో నాలుగు చమత్కారాలు. ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, ఒకచోట లైట్ వెలుగుతుంది, ఒకచోట సంగీతం వస్తుంది, ఒక గొట్టంలో అద్దం దాగి ఉంటుంది. కొంతమంది పిల్లలకి, "ఈ బొమ్మ ఎలా పనిచేస్తుందో చూడు" అని కీచుమనే గొట్టం లాగి చూపించారు. ఇంకొంతమంది ముందు, పొరపాటున చెయ్యి తగిలి మోగినట్టు నటించారు. ఆ తర్వాత బొమ్మ ఇచ్చేసి వదిలేశారు. నేర్పించుకున్న పిల్లలు ఎక్కువగా ఆ ఒక్క గొట్టమే లాగుతూ, తొందరగా ఆట ముగించారు. నేర్పించుకోని పిల్లలు ఎక్కువసేపు వెతికారు, మిగతా చమత్కారాలు ఎక్కువ కనుక్కున్నారు. పెద్దవాళ్ళు చూపించారంటే ఇంక ఇందులో ఇంతే ఉంది అని పిల్లలు అర్థం చేసుకుంటారన్నమాట.

మరి ఈ రెండూ కలిపి ఏం చెయ్యాలి? నాకు అర్థమైంది చెప్తాను, మీరు ఒప్పుకోకపోతే కామెంట్స్‌లో వాదించండి. చెయ్యి పెట్టకముందే జవాబు చెప్పేస్తే ఆట చచ్చిపోతుంది. ఆడిన తర్వాత కూడా ఎవరూ మాట్లాడకపోతే, చేతికి తెలిసింది చేతిలోనే ఉండిపోతుంది, దానికి పేరు దొరకదు. ముందు నోరు మూసుకోవాలి, తర్వాత కూర్చుని మాట్లాడాలి. నేను ఇద్దరి విషయంలోనూ తప్పే చేశాను. పండుని ఆడనివ్వకుండా వివరించాను. అమ్ములు ఆడిన తర్వాత ఏమీ అడగలేదు.

దీనికి శాన్ హోసే వెళ్ళక్కర్లేదు. మన ఊళ్ళల్లో తాటికాయల బండి చేసుకున్న ప్రతివాడికీ చక్రం, ఇరుసు అంటే ఏంటో చేతికి తెలుసు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా గారు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో పిల్లలకి ఆకారాలు చేయడం నేర్పించారు. చెత్తలోంచి చేసిన వందల బొమ్మలు ఆయన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్ళు 1999 నుంచి ఈ పనిలోనే ఉన్నారు, సామాన్లన్నీ వ్యాన్‌లో వేసుకుని సర్కారు బడులకి వెళ్తారు. హైదరాబాద్ వాళ్ళకి బిర్లా సైన్స్ మ్యూజియం ఉండనే ఉంది. ఏదీ కుదరకపోతే ఇంట్లో బకెట్టు, చెంబు, ప్లంబర్ వదిలేసిన పీవీసీ పైపు ముక్క చాలు. బాత్రూమ్ తడుస్తుంది, తడవనివ్వండి.

ఒక్క పని చేయమని అడుగుతున్నాను. ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లలు ఆడుకుంటుంటే ఒక అరగంట ఫోన్‌లో వీడియో తీయండి. పిల్లల్ని కాదు, మీ మాటల్ని రికార్డ్ చేస్తున్నాను అనుకోండి. రాత్రి కూర్చుని వినండి. ఎవరికి 'ఎందుకు' చెప్పారు, ఎవరికి 'జాగ్రత్త' చెప్పారు, కాగితం మీద గీతలు పెట్టండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

చివరగా ఒకటి. నిన్న అమ్ములుతో వీడియో కాల్ మాట్లాడాను. ఆ గోడ క్లిప్ చూపించి, "అమ్ములూ, నువ్వు రెండో గొట్టం కిందే పెట్టావు కదా, మరి నీళ్ళు దాన్ని దాటి ఎందుకు పడ్డాయి?" అని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చాయి కదా మామయ్యా, ఆగలేకపోయాయి. అందుకే స్లో చేశాను" అంది.

జడత్వం గురించి ఇంత బాగా మా ల్యాబ్‌లో ఎవరూ చెప్పలేదు. తనకి అన్నీ తెలుసు. నెల రోజులైంది, ఎవరూ అడగలేదు, అంతే.

పండు వెనకనుంచి తొంగి చూస్తూ "నాకు చెప్పు, నాకు చెప్పు" అంటున్నాడు. నేను నోరు తెరవబోయి ఆగాను. "అక్కని అడగరా" అన్నాను.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే అండీ. మీ ఇంట్లో టార్చ్ ఎవరు పట్టుకునేవారో కామెంట్స్‌లో రాయండి. అన్నీ చదువుతాను. వీలైతే ఈ వీడియో వాళ్ళకి పంపించండి. మళ్ళీ కలుద్దాం, నమస్తే.